వెర్రి తెగులు ప్రాజెక్టు డైరీ: పువ్వు ఆకైపోతే ఎవరిని అనుమానించాలి?

విత్తనం వేసిన రోజు

పువ్వులు, చిగుళ్లు వికారంగా పెరిగిన మొక్కను చూసి, ల్యాబుకు పంపకముందే కారణం ఎంతవరకు తేల్చగలం? ఈ ప్రాజెక్టులో చూడదలచుకున్నది అదే. చేతిలో ఉన్నవి భూతద్దం, షేవింగ్ బ్లేడు, విద్యార్థులు వాడే చిన్న మైక్రోస్కోపు, నోటుబుక్కు.

పువ్వు భాగాలు పచ్చబడి ఆకులుగా విచ్చుకుంటే ఫిల్లోడీ. ఒకే చోటు నుంచి సన్నని రెమ్మలు గుబురుగా పొడుచుకొస్తే చీపురు గుబురు. కాండం గుండ్రంగా ఉండాల్సింది చదునుగా, పట్టీలా సాగితే ఫాసియేషన్. రూపాలు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి. కారణాల జాబితా మాత్రం పెద్దది: ఫైటోప్లాస్మా (మొక్క లోపలి రసంలో బతికే అతి చిన్న సూక్ష్మజీవి), వైరస్, శిలీంధ్రం, బాక్టీరియా, నల్లి, కలుపుమందు, జన్యుమార్పు. చిక్కంతా ఇక్కడే ఉంది. రెండు వేరువేరు కారణాలు అచ్చం ఒకే రూపాన్ని పుట్టించగలవు.

నువ్వు, వంగ వేశాను, రెండూ వెర్రి తెగులుకు, అంటే ఫైటోప్లాస్మా వల్ల పువ్వులు ఆకులై, చిట్టి ఆకుల గుబురు వేసే రోగానికి, పేరుమోసినవే కాబట్టి. బిళ్లగన్నేరు ఎందుకంటే, ప్రపంచమంతటా పరిశోధనశాలల్లో ఫైటోప్లాస్మాను బతికించి ఉంచుకునేది ఎక్కువగా ఈ మొక్కలోనే. టమాటా, మిరప, బంతి కొన్ని. వీటితో పాటు ఒక వరుస కోడిజుట్టు పువ్వు. దాని మెలికల జుట్టంతా ఫాసియేషనే, కానీ తరతరాలుగా విత్తనంతో వస్తున్న లక్షణం, అందులో ఏ క్రిమీ లేదు. వికారమంతా రోగం కాదని రోజూ కళ్లముందు గుర్తుచేయడానికి పెట్టాను.

నువ్వునూ వంగనూ చెరి సగం చేసి, ఒక సగం మీద మొదటి రోజు నుంచే పురుగులు దూరలేని సన్న కన్నుల వల, 50 మెష్ నెట్, కప్పాను. మిగతా సగం బయటే. నేల, నీళ్లు, విత్తనం అన్నీ ఒకటే.

మొలక దశ

రాయడానికి పెద్దగా ఏమీ లేదు. పసుపు జిగురు అట్టలు కట్టాను. తెల్లదోమ, తామర పురుగు, పేనుబంక, అన్నీ పడుతున్నాయి. నాకు కావల్సినవి దీపపు పురుగులు, రసం పీల్చుతూ ఫైటోప్లాస్మాను మొక్క నుంచి మొక్కకు మోసేవి. ఆకు తిప్పి చూస్తే పిల్ల పురుగులు ఐమూలగా నడిచి అటు పక్కకు జారుకుంటాయి, అదే గుర్తు. నువ్వులో ఫిల్లోడీని మోసేది ఒరోసియస్ ఆల్బిసింక్టస్ అనే దీపపు పురుగు, వంగలో హిషిమోనస్ ఫైసిటిస్.

ఇవి సూదితో గుచ్చినట్టు అప్పటికప్పుడు రోగం అంటించవు. రోగమున్న మొక్క రసం పీల్చాక ఫైటోప్లాస్మా పురుగు పేగు గోడ దాటి, ఒంట్లో పెరిగి, లాలాజల గ్రంథులకు చేరాలి. దానికి సాధారణంగా రెండు మూడు వారాలు పడుతుంది. ఆ తర్వాత ఆ పురుగు బతికినన్నాళ్లూ అంటిస్తూనే ఉంటుంది. మొక్కలో లక్షణాలు బయటపడటానికి మళ్లీ కొన్ని వారాలు. అంటే పూతలో నేను చూడబోయే వికారానికి విత్తు ఇప్పుడే, నాలుగాకులున్నప్పుడే పడుతుంది. పూతలో పురుగుల్ని వెతికి లాభం లేదు, అట్టల లెక్క ఇప్పుడే రాసిపెట్టుకోవాలి.

టమాటా గొడవ

టమాటా చిగుళ్లు ఒక్కసారిగా మెలితిరిగాయి. కొత్త ఆకులు సన్నగా, పొడుగ్గా, ఈనెలు దగ్గరగా వచ్చి తాళ్లలా వేలాడుతున్నాయి. చూడగానే వైరస్ అనిపిస్తుంది. అయితే మూడు సంగతులు వైరస్‌కు పొసగడం లేదు. గట్టు వైపున్న మొక్కలకే వచ్చింది, లోపలికి వెళ్లేకొద్దీ తగ్గుతోంది. అదే గట్టున ఉన్న బంతికీ, మొలిచిన కలుపుకీ కూడా కాస్తో కూస్తో వచ్చింది. అన్నిటికీ ఒకేసారి వచ్చింది.

వైరస్ అయినా ఫైటోప్లాస్మా అయినా ఇలా గీత గీసినట్టు రాదు. ఒక మొక్కకు ఇవాళ, ఇంకో దానికి వచ్చే వారం, మధ్యలో ఆరోగ్యంగా ఉన్నవి, అలా ఉంటుంది. జాతితో నిమిత్తం లేకుండా ఒకే పక్క, ఒకే రోజు దెబ్బతింటే గాలికి కొట్టుకొచ్చిన కలుపుమందే అని మొదట అనుమానించాలి. 2,4-డి లాంటివి మొక్కలోని ఆక్సిన్ అనే ఎదుగుదల హార్మోన్‌ను అనుకరించి ఎదుగుదలను గందరగోళం చేస్తాయి, అదీ చాలా చిన్న మోతాదులో. ఒక్క మొక్కా పీకలేదు. కొత్త చిగుళ్లకు రిబ్బను ముడి కట్టి వదిలేశాను. రిబ్బనుకు పైన వచ్చే ఆకులే సాక్ష్యం చెప్పాలి.

(తర్వాత చేర్చినది: ముడికి పైన వచ్చిన ఆకులు మెల్లగా మామూలు ఆకారానికి వచ్చాయి. కేసు క్లోజ్.)

మిరప

దీని గురించి రెండు ముక్కలు చాలు. అంచులు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు, పై ముడత. కిందికి తిరగబడి, ఆకు కాడ సాగితే నల్లి, కింది ముడత. నాకు వచ్చింది కింది ముడత. తెల్లనల్లి మామూలు కంటికి కనబడదు, లేత ఆకు అడుగున భూతద్దం పెడితే పారదర్శకంగా కదులుతాయి. నల్లిని అదుపు చేశాక తర్వాతి చిగురు బాగానే వచ్చింది.

టమాటా, మిరప రెండూ ఒకటే చెప్తున్నాయి. దెబ్బతిన్న ఆకును ఎంతసేపు చూసినా ప్రయోజనం తక్కువ, తర్వాత వచ్చే చిగురును చూడాలి. బయటి దెబ్బ అయితే కారణం తొలగాక మొక్క కోలుకుంటుంది. లోపల క్రిమి ఉంటే ప్రతి కొత్త చిగురూ వెనకటి దానికంటే అధ్వానంగా వస్తుంది.

నువ్వు పూత

వచ్చేసింది. బయటి వరుసల్లో అక్కడొకటి అక్కడొకటి, ఏ పద్ధతీ లేకుండా. కలుపుమందు గీతకూ దీనికీ పోలికే లేదు.

ఒక మొక్కలో కింద సగం మామూలు కాయలు, చక్కగా గింజ కట్టినవి. ఆ పైన రెండు కణుపుల్లో చిన్న వంకర కాయలు. ఆ పైనంతా పువ్వూ లేదు కాయా లేదు, పచ్చటి చిట్టి ఆకుల గుత్తులే. ఈ ఒక్క కాండమే ఒక క్యాలెండరు. ఎదుగుతున్న కొనకు రోగం ఎప్పుడు చేరిందో కణుపులు లెక్కపెట్టి చెప్పొచ్చు. మొలక దశలోనే అంటుకున్న మొక్కల్లో అయితే కింది నుంచే గుబురు, ఒక్క కాయా లేదు.

మంచి పువ్వొకటీ, వెర్రి పువ్వొకటీ తెచ్చి తెల్ల పళ్లెంలో పక్కపక్కన పెట్టి కోశాను. మంచి పువ్వులో గంటలా అతుక్కున్న లేత గులాబి రేకులు, లోపల గోడకు అతికిన నాలుగు కేసరాలు, అడుగున నూగు పట్టిన అండాశయం. వెర్రి పువ్వులో రక్షక పత్రాలు విడివిడిగా, ఈనెలతో సహా చిన్న ఆకులైపోయాయి. గంట పూర్తిగా పచ్చబడింది, తుంచి ఎండకు పెట్టి చూస్తే ఆకులో ఉన్న ఈనెల వలే కనిపిస్తోంది. కేసరాలు నాలుగూ ఉన్నాయి, కానీ వాటి తలలు పచ్చగా చదునై ఉన్నాయి, సూదితో చీలిస్తే పుప్పొడి లేదు. అండాశయం అసలు కంటే ఎన్నో రెట్లు ఉబ్బింది. బ్లేడు ఆనించగానే అతుకు వెంట తనంతట తానే తెరుచుకుంది. లోపల అండాలు ఉండాల్సిన చోట సన్నటి కాడలు, కాడల కొసన ముడుచుకున్న ఆకు ముక్కలు. ఒకదానిలో ఆ ముక్కల మధ్య నుంచి ఇంకో చిన్న రెమ్మ మొదలైంది. పువ్వు అంటే కొమ్మకు ముగింపు. ఇక్కడ ఆ ముగింపు ఎత్తేశారు, కొమ్మ మళ్లీ సాగుతోంది.

ఇది ఎలా జరుగుతుందో 1991లో ఎన్రికో కోయెన్, ఎలియట్ మేయరోవిట్జ్ ముందుకు తెచ్చిన ఏబీసీ నమూనా పక్కన పెట్టుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. పువ్వు భాగాల్ని నిర్ణయించే జన్యువులు అందులో ‘ఏ’, ‘బీ’, ‘సీ’ అని మూడు వర్గాలు: ‘ఏ’ ఒక్కటే పనిచేస్తే రక్షక పత్రం, ‘ఏ’, ‘బీ’ కలిస్తే ఆకర్షణ పత్రం, ‘బీ’, ‘సీ’ కలిస్తే కేసరం, ‘సీ’ ఒక్కటే అయితే అండకోశం. మూడూ తీసేస్తే మిగిలేది ఆకే. ఫైటోప్లాస్మా చేసే పని దాదాపు అదే. అది ఎస్ఏపీ54 అనే చిన్న ప్రొటీన్‌ను మొక్క కణాల్లోకి వదులుతుంది. పువ్వు భాగాల్ని నిర్ణయించే ప్రొటీన్లను ఎస్ఏపీ54 పట్టుకుని, ఆర్ఏడీ23 అనే మొక్క సొంత ప్రొటీన్ సాయంతో, కణంలో పనికిరాని ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రానికి అప్పజెప్తుంది. నార్విచ్‌లోని జాన్ ఇన్నెస్ సెంటర్‌లో సాస్కియా హోగెన్‌హౌట్ బృందం 2011లో, 2014లో దీన్ని విప్పి చూపింది. అదే బృందం ఇంకో ప్రొటీన్, ఎస్ఏపీ11, కొమ్మలు అతిగా వేయిస్తుందనీ, మొక్క పురుగుల మీద వాడే జాస్మోనేట్ రక్షణను తగ్గిస్తుందనీ చూపింది. అలాంటి మొక్కల మీద దీపపు పురుగులు ఎక్కువ పిల్లల్ని పెట్టాయి. అంటే మొక్కను పురుగులకు అనువుగా మలుచుకుని, ఆ పురుగుల మీదే తర్వాతి మొక్కకు ప్రయాణం. గింజ ఇవ్వదు కానీ చావదు కూడా, పచ్చగా రసం ఇస్తూ ఉంటుంది. ఆ దృష్టితో చూస్తే ఈ గుబురు అంత వెర్రిగా ఏమీ లేదు.

నెట్ లోపల నువ్వులో ఒక్క వెర్రి మొక్కా లేదు.

వంగ

నువ్వంత నాటకీయంగా ఉండదు, మొదట్లో పోషకాల లోపమనే అనిపిస్తుంది. ఆకులు చిన్నవై, మెత్తగా, నూగు లేకుండా, లేత రంగులో వస్తాయి. కాడ ఎంత కురచంటే ఆకు కాండానికి అతికించినట్టు ఉంటుంది. కణుపులు దగ్గరపడతాయి, ప్రతి ఆకు మొదట్లో నిద్రపోతున్న మొగ్గ లేచి కొమ్మ వేస్తుంది.

లోపమా, రోగమా తేల్చడానికి చూసినది మళ్లీ స్థానమే. లోపమైతే పక్కపక్క మొక్కలన్నిటికీ కొంచెం కొంచెం ఉండాలి. ఇక్కడ ఒక మొక్క పూర్తిగా చిట్టి ఆకుల పొద, దాన్ని రాసుకుని ఉన్న మొక్క నిండా కాయలు. ఇంకో మొక్కలో ఒకే ఒక్క కొమ్మకు వచ్చింది, ఆ కొమ్మ కోసేశాను. తర్వాత మిగతా కొమ్మలకూ వచ్చింది. ఆశ్చర్యం లేదు, ఫైటోప్లాస్మా ఉండేది ఆకుల్లో తయారైన ఆహారాన్ని మొక్కంతా మోసే పోషక నాళాల్లో, రసం వెళ్లిన చోటికల్లా వెళ్తుంది. పైకి ఒక కొమ్మలోనే కనిపించినా అప్పటికే వేర్ల దాకా దిగి ఉండొచ్చు. దీనికి కత్తిరింపు వైద్యం కాదు, మొక్కంతా పీకేయడమే.

బంతిలో పట్టీ కాండం

బంతిలో ఒక కాండం బొటనవేలంత వెడల్పున చదునుగా సాగి, కొసన మూడు పువ్వులు అతుక్కున్నట్టున్న ఒకే పెద్ద పువ్వు పూసింది. ఫొటోలు తీసుకోదగ్గ మొక్క. ఎదుగుదల కొన ఒక చుక్కలా ఉండాల్సింది గీతలా సాగితే ఇలా అవుతుంది. కొనకు దెబ్బ తగలడం, ఉష్ణోగ్రతలో తేడాలు, జన్యుమార్పు, రోడోకాకస్ ఫాసియన్స్ అనే బాక్టీరియా, వీటిలో ఏదైనా కావచ్చు. ఆ బాక్టీరియా అయితే సైటోకైనిన్లు అనే హార్మోన్లతో నేల దగ్గర, కాండం మొదట్లో ముద్దగా ఆకుల గుత్తులు వేయిస్తుంది. మట్టి తీసి మొదలు చూశాను, శుభ్రంగా ఉంది. చదును భాగానికి కింద కోసి వదిలేస్తే పక్క కొమ్మలు గుండ్రంగా, మామూలు పువ్వులతో వచ్చాయి. ఒక్క కొనలో జరిగిన ప్రమాదం, అంతే. పీకాల్సిన పనిలేదు.

పచ్చ గులాబీ సంగతి కూడా ఇక్కడే రాసుకుంటున్నాను. పువ్వంతా పచ్చటి రేకులతో ఉండే ఆ గులాబీని చూస్తే ఫిల్లోడీ అని ఎవరైనా ప్రమాణం చేస్తారు. అది జన్యుమార్పు, అంటుకునేది కాదు. దీనికి ఎదురు ఉదాహరణ పాయిన్‌సెట్టియా. కుండీల్లో గుబురుగా, పొట్టిగా, అందంగా అమ్మే రకాల్లో ఆ గుబురుకు కారణం ఫైటోప్లాస్మాయే అని 1997లో తేలింది. అంటే రోగంలా కనిపించే మొక్కలో రోగం లేదు, అందానికి కొనుక్కునే మొక్కలో ఉంది.

అంటు పరీక్ష

బిళ్లగన్నేరులో బయట ఒక మొక్కకు పువ్వులు ముందు చిన్నవై, రేకుల అంచులు పచ్చబడి, ఆ తర్వాత పూర్తిగా ఆకులయ్యాయి. జన్యుమార్పా, అంటుకునేదా? దీన్ని ఇంట్లోనే తేల్చే పద్ధతి అంటు కట్టడం. నెట్ లోపల పెంచిన ఆరోగ్యమైన మొక్క కొన కోసి, కాండం నిలువునా చీల్చి, పలుగు ఆకారంలో చెక్కిన రోగపు రెమ్మను అందులో దూర్చి, పారాఫిల్మ్ అనే సాగే మైనపు పొర చుట్టి, తేమ పోకుండా పైన పాలిథిన్ సంచి కట్టాను. పోలిక కోసం ఇంకో మొక్కకు ఆరోగ్యమైన రెమ్మనే అంటు కట్టాను. అదే సమయంలో రోగపు ఆకు రసాన్ని మరో మొక్క ఆకులకు రుద్దాను.

అంటు అతుక్కుని చాలా వారాలయ్యాక, అతుకుకు కింద, అసలు మొక్కదే అయిన కొమ్మ మీద పచ్చ పువ్వు పూసింది. జన్యుమార్పు అతుకు దాటి ఇలా కిందికి దిగదు. ఆరోగ్యమైన అంటు మొక్క మామూలుగానే పూస్తోంది. రసం రుద్దిన దానికీ ఏమీ కాలేదు. చాలా వైరస్‌లు రసంతో అంటుకుంటాయి, ఫైటోప్లాస్మా అంటుకోదు. బతికిన పోషక నాళం నుంచి బతికిన పోషక నాళానికే దాని ప్రయాణం.

రంగు పరీక్ష

పోషక నాళాల్లో తేడా చూపించే డీన్స్ రంగు: మిథిలిన్ బ్లూ, అజ్యూర్-2, మాల్టోజ్, సోడియం కార్బొనేట్. కాండాన్ని బ్లేడుతో వీలైనంత పల్చగా అడ్డంగా కోసి, పలుచన చేసిన రంగులో కాసేపు ఉంచి కడిగి చూడాలి. మంచి మొక్క కోతలోనూ, రోగపు మొక్క కోతలోనూ నీళ్లు మోసే దారునాళాలు నీలంగా మెరిశాయి. తేడా పోషక నాళాల వలయంలో ఉంది. మంచి మొక్కలో అది రంగు పట్టలేదు, రోగపు మొక్కలో చుక్కలు చుక్కలుగా నీలం. పల్చటి కోత రావడానికి చాలా ఓపిక కావాలి, మందపాటి కోతలో అంతా నీలమే. ఈ పరీక్ష ఫైటోప్లాస్మా పేరు చెప్పదు, పోషక నాళంలో తేడా ఉందని మాత్రమే చెప్తుంది. అంటు ఫలితంతో కలిపితేనే దానికి విలువ.

1967 వరకు ఈ తెగుళ్లన్నీ వైరస్ ఖాతాలోనే ఉన్నాయి. ఆ ఏడాది జపాన్‌లో యోజి డోయి బృందం మల్బరీ గిడసతనం లాంటి రోగాలున్న మొక్కల పోషక నాళాల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి, కణకవచం లేని సూక్ష్మజీవుల్ని పట్టుకుంది. టెట్రాసైక్లిన్ ఇస్తే లక్షణాలు తగ్గాయని కూడా అప్పుడే తేలింది. పెన్సిలిన్ దెబ్బతీసేది కణకవచాన్ని, అదే లేనప్పుడు అది చేసేదేమీ ఉండదు. టెట్రాసైక్లిన్ కూడా ఆపేస్తే రోగం తిరగబెడుతుంది. నా ప్లాట్లో యాంటీబయాటిక్ ప్రయోగం చేయలేదు, చేయను కూడా. ఒక తోట మొక్క కోసం ఆ మందును మట్టిలోకి వదలడం నాకు నచ్చని పని.

మామిడి పూగుత్తి

ప్లాట్లోది కాదు, తెలిసినవాళ్లు కోసి తెచ్చారు. పూగుత్తి ముద్దకట్టి, కాడలు లావెక్కి, పువ్వులు పెద్దవిగా కిక్కిరిసి ఉన్నాయి. దాదాపు అన్నీ మగ పువ్వులే. రాలిపోవాల్సినవి రాలకుండా చెట్టునే నల్లటి ముద్దగా ఎండుతాయి. చూపుకు వెర్రి తెగులుకు తోబుట్టువే, కానీ కారణం పూర్తిగా వేరు. ఇది ఫ్యుజేరియం మాంజిఫెరే అనే శిలీంధ్రం, మొగ్గ నల్లి దానికి సాయం. 1891లో దర్భంగాలో మొదట నమోదైంది.

కారణం వేరు కావడం వల్ల వైద్యమూ తిరగబడుతుంది. ఇక్కడ శిలీంధ్రం ప్రధానంగా మొగ్గల దగ్గరే ఉంటుంది కాబట్టి గుత్తికి జానెడు కిందికి కోసి కాల్చేస్తే ఉపయోగం ఉంటుంది. వంగలో కత్తిరింపు దండగ, మామిడిలో కత్తిరింపే మొదటి మందు. వంగలో కత్తెరతో రోగం పాకుతుందన్న భయం అక్కర్లేదు, మామిడిలో ప్రతి కోతకూ కత్తెర శుభ్రం చేయాలి, రోగపు చెట్టు నుంచి అంటు తీయకూడదు. ఆకారం చూసి మందు చెప్పేవాళ్లతో వచ్చే ఇబ్బంది ఇదే.

పీకివేత

బయటి నువ్వులో, వంగలో వెర్రి మొక్కలన్నీ వేర్లతో పీకి కాల్చేశాను. పీకే ముందు పురుగుల్ని అదుపు చేయాలి, లేకపోతే మొక్క కదపగానే దీపపు పురుగులు లేచి పక్క మొక్కల మీద వాలతాయి. గట్టు మీద కలుపు కూడా తీశాను, అందులోనూ చిట్టి ఆకులున్నవి కనిపించాయి. నెట్ లోపల వంగలో కూడా చివరిదాకా ఏమీ రాలేదు. వచ్చేసారి నెట్‌ను పూతదాకా ఉంచి తీసేస్తే ఎంత నష్టమో చూడాలి. మొలక దశలో అంటిన రోగమే కాయల్ని మింగేస్తుందని నువ్వు కాండం చెప్పింది కదా, ఆలస్యంగా అంటుకుంటే పై కాయలే పోవాలి.

ల్యాబుకు పంపడానికి నువ్వు, వంగ, బిళ్లగన్నేరు ఆకుల నడిమి ఈనెలు మాత్రమే కోసి సిలికా జెల్‌లో ఎండబెట్టాను, ఫైటోప్లాస్మా ఉండేది అక్కడే కాబట్టి. సూక్ష్మజీవుల్ని గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ జన్యువును పీసీఆర్‌తో, అంటే దానికి బోలెడు నకళ్లు తీసే పద్ధతితో, పరీక్షిస్తే అది ఏ గుంపు ఫైటోప్లాస్మానో తెలుస్తుంది. వంగ చిట్టి ఆకు ఎక్కువగా ఆరో గుంపులో, నువ్వు ఫిల్లోడీ ఒకటి, రెండు, తొమ్మిది గుంపుల్లో నమోదయ్యాయి. బిళ్లగన్నేరుది ఈ రెంటిలో దేనితో కలుస్తుందన్నది నా అసలు ప్రశ్న. నువ్వుతో కలిస్తే వచ్చేసారి రెండింటినీ ఒకే గట్టున వేయను. అంటు మొక్క ఒక్కటి నెట్‌లో వేరుగా ఉంచాను, రిపోర్టు వచ్చేదాకా.